నడి గోదావరిలో

వెల్గటూరు దగ్గర గోదావరిలో మోటారు పడవ నడిపే రాజేందర్‌కు ఆ సంగతి వారం నుంచీ తెలుసు. ఆల్టర్నేటర్ బెల్టు తెగిపోయింది. ఇంజను ఎంత తిరిగినా బ్యాటరీ చార్జింగ్ ఎక్కదు. పడవ మీది సోలార్ పలక చాలులే అని ఊరుకున్నాడు. అంతలో ముసురు పట్టి నాలుగు రోజులు ఎండే లేదు.

ఆ పొద్దున గుండెనొప్పితో ఉన్న సమ్మవ్వను, ఆమె కూతురు సింధూజను అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికని ఎక్కించుకున్నాడు. మిగిలిన కాస్త చార్జింగ్‌తో ఇంజను ఎలాగో స్టార్టయింది. నడి నీళ్లలో, పడవను నెట్టే అడుగు ఫ్యానుకు చేపల వల చుట్టుకొని ఆగిపోయింది. వల కోసి తాళం తిప్పితే టిక్కుమంది, అంతే.

"ఏమైందన్నా?"

"బ్యాటరీల చార్జింగ్ లేదు చెల్లె. తప్పు నాదే."

తెడ్డు అందుకొని అరగంట వేసి ఒడ్డుకు చేర్చాడు. సాయంత్రం సింధూజ ఫోన్ చేసింది. "అవ్వ బతికిందన్నా. ఇంకింత లేటయితే దక్కకపోవునట."

రాజేందర్‌కు ఆ రోజు ముద్ద దిగలేదు. కొత్త బెల్టు బిగించేదాకా పడవలో ఎవరినీ ఎక్కించుకోలేదు.