కాలువకు అడ్డంగా పార

అత్తిమంజేరిపేటకు తూర్పున, గుట్టకు దిగువన ఉన్న ఆ బావిలో ఆరిళ్ళకు వంతు ఉంది. ఇంటికొక పొద్దు. ఆ బావికి పెద్ద లేడు, కాపలా లేదు, కాగితం అసలే లేదు. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన తాతలు నోటితో చెప్పిపోయిన కట్టడి రెండు మాటలు. ఎవరి పొద్దు వారిది. అన్యాయం జరిగినవాళ్ళు కాలువ మొదట్లో పార అడ్డం పెడితే, వాళ్ళంతట వాళ్ళు తీసేదాకా ఆరిళ్ళలో ఎవరూ నీళ్ళు పారించకూడదు. పెట్టినవాళ్ళ పైరు కూడా ఎండుతుంది కాబట్టి ఊరికే ఎవరూ పెట్టరు. మోటారు వచ్చిన పదేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు పెట్టలేదు.

ఎనభై మూడో సంవత్సరం ఎండల్లో చెంగమ్మ పెట్టింది.

మొగుడు పోయిన మనిషి. ఉన్నది ఎకరా వేరుశనగ. ఊడలు దిగి కాయ పట్టే అదను. ఆ ఒక్క తడి తప్పితే పెరికినవన్నీ తాలుకాయలే, ఏడాది తిండి పోయినట్టే. ఆమెకు ముందు పొద్దు సుందరరాజులుది. ఆ రోజంతా కరెంటు లేదు. మర్నాడు తెల్లవారి వచ్చింది. చెంగమ్మ పార భుజాన వేసుకుని బావి దగ్గరికి పోయేసరికే మోటారు తిరుగుతోంది. నీళ్ళు సుందరరాజులు చెరకు తోటలోకి పరిగెత్తుతున్నాయి.

"బావా, ఈ పొద్దు నాది."

"నిన్న కరెంటు లేదు గదమ్మే, చూళ్ళేదా? నా పొద్దు ఈ పొద్దుకు జరిగింది."

"ఎవరి పొద్దు వాళ్ళదని గదా కట్టడి?"

"అది ఎద్దులకు చెప్పిన కట్టడి. ఎద్దులకు కరెంటు పోతాదా?"

మధ్యాహ్నానికి బావి అడుగు కనిపించింది. చెంగమ్మ అక్కడే కాచుకుంది. చెరకుకు నీళ్ళు ఆగగానే కాలువ మొదట్లో పార అడ్డం పెట్టి, చీరె కొంగు తలకు కప్పుకుని గట్టు మీద కూర్చుంది.

కబురు తెలిసి సాయంత్రం బస్సుకు ఆమె తమ్ముడు ద్వారకనాథ్ దిగాడు. తిరుత్తణిలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. చంకలో ఫైలు.

"అక్కా, పిటిషన్ రాసుకొచ్చినా. వేలిముద్ర వెయ్యి చాలు. ఆయప్పను కోర్టు మెట్లెక్కిస్తా."

"వాయిదా ఎప్పుడొస్తాది నాయనా?"

"తొందరగా అంటే ఆర్నెల్లు."

"అంతవరకూ కాయ పట్టకుండా ఉండమని నా చెనిక్కాయకు స్టే తెస్తావా?"

ద్వారకనాథ్ గొంతు తగ్గించాడు. "పోలీసు లేడు, జడ్జీ లేడు. ఈ పారను చూసి ఎవరు భయపడతారక్కా? రేపు తన వంతుకు పెరుమాళ్ వచ్చి పక్కకు తోసి పారించుకుంటే ఏం చేస్తావు?"

ఆ భయం ఆమెకూ ఉంది. అయినా పార తియ్యలేదు.

తెల్లవారింది. రాత్రంతా ఊట ఊరి బావి సగానికి వచ్చింది. పొద్దు పెరుమాళ్‌ది. అతని మిరప చేను అప్పటికే తల వేలాడేసింది. అతను వచ్చాడు. పారను చూశాడు, చేను వైపు చూశాడు. బీడీ ముట్టించి, సగం తాగి ఆర్పాడు. తన పారను ఆమె పార పక్కన పెట్టి చతికిలబడ్డాడు.

చెరకు తోటలోంచి సుందరరాజులు నవ్వాడు. "రేయ్ పెరుమాళ్, నిన్ను ఎవడు నీళ్ళు నిలపమన్నాడురా?"

"ఎవరూ అన్లేదు మామా. అన్నింటే నిలిపిండను."

మర్నాడు రామానుజం వంతు. అతనూ పార పెట్టాడు. వంతు రాని రెండిళ్ళవాళ్ళు ఊరికే చూసి పోదామని వచ్చి, సిగ్గుపడి, వాళ్ళవీ తెచ్చి పెట్టారు. అయిదు పారలు. బావి ఆ ఎండాకాలంలో ఎవరూ చూడనంత నిండింది. నాలుగు వైపులా పైర్లు ఎండుతున్నాయి.

నిండిన బావిని చూసి సుందరరాజులు తట్టుకోలేకపోయాడు. "మీ పైర్లు మీరు ఎండబెట్టుకోండి. కరెంటు సర్వీసు నా పేరు మీదుండాది. నేను పారిస్తా," అని మోటారు కొట్టంలోకి పోయి స్టార్టరు మీద చెయ్యి పెట్టాడు. ఎవరూ లేవలేదు, అడ్డుపడలేదు. ద్వారకనాథ్ లేవబోతే చెంగమ్మ అతని పంచె పట్టుకుని కూర్చోబెట్టింది.

అప్పుడు గట్టు మీద వస్తూ కనిపించింది రుక్మిణమ్మ, సుందరరాజులు భార్య. భుజాన వాళ్ళింటి పార. తోటలోకి నీళ్ళ మడవ తిప్పడానికి తెస్తోందనుకున్నారంతా. ఆమె నేరుగా కాలువ దగ్గరికి వచ్చి దాన్ని అయిదింటి పక్కన ఆరోదిగా పెట్టింది.

"ఏమే, మతి పోయిందా?" అని అరిచాడు సుందరరాజులు.

"ఈ పొద్దు ఈ పారల్ని దాటి పారిస్తే, రేపు మన వంతును ఇంకొకడు తింటాడు. అప్పుడు మనం పార పెట్టాలంటే మొకం యాడ పెట్టుకునేది? ఈ కట్టడి చెంగమ్మది మాత్రమేనా, మనది గాదా?"

స్టార్టరు మీది చెయ్యి నెమ్మదిగా కిందికి వచ్చింది. సుందరరాజులు బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "మరి నా పొద్దు పోయిండేది? అది అన్యాయం గాదా?"

"అన్యాయమే బావా," అంది చెంగమ్మ. అందరూ ఆమె వైపు తిరిగారు. "కరెంటు పోతే నువ్వేం చేస్తావు? అడిగింటే నా పొద్దులో గంట ఇచ్చిందును. నువ్వు అడగలేదు. నీ తప్పు అదీ."

పెరుమాళ్ చప్పట్లు చరిచాడు. "అట్లయితే కొత్త కట్టడి పెట్టుకుందాం. ఎవరి పొద్దులో కరెంటు పోయినా నష్టం ఆరిళ్ళది. తలా గంట ఇవ్వాల."

"పోయిన పొద్దు సరే, తిన్న పొద్దు?" అన్నాడు రామానుజం.

"తిన్నవాడే పార పట్టి ఆయమ్మ చేనంతా పారించి రావాల," అంది రుక్మిణమ్మ.

కాదన్నవాళ్ళు లేరు. సుందరరాజులు తల గోక్కున్నాడు. పంచె ఎగ్గట్టాడు.

చెంగమ్మ లేచింది. అందరూ చూస్తుండగా తన పార తానే ఎత్తింది. ఒకరి వెనక ఒకరు అయిదుగురూ ఎత్తుకున్నారు. మోటారు బుస్సుమంది. గట్టు మీద ఎవరో ఈల వేశారు. నీళ్ళు పొడి కాలువలో నురగ తోసుకుంటూ వేరుశనగ చేను వైపు దూకాయి. ముందు సుందరరాజులు, వెనక చెంగమ్మ, వాళ్ళ వెనక ఊరేగింపుగా మిగతావాళ్ళు.

"ఆ మూల మడి మెరకగా ఉండాది బావా. పైపైన పోనీకుండా కట్ట వేసి నిలబెట్టు."

"వేస్తాండా లేమ్మే. నా చెరకుకైనా ఇంత శ్రద్ధగా నీళ్ళు పెట్టలేదు."

"పెట్టింటే అది ఇంకా బాగుండు," అంది చెంగమ్మ. మడిలో పాదాలు మునిగేదాకా నీళ్ళలోకి దిగి నిలబడింది.