పిచ్చుక పైపళ్లు

డాక్టరమ్మ బొటనవేలితో పిల్ల పై పెదవిని పైకెత్తగానే తల్లి ముందుకు వంగి చూసింది. ముందు పళ్ల మీద, చిగుళ్లను ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు. ఒక పన్ను అంచున గోధుమరంగు మచ్చ.

రెండేళ్లు కూడా నిండని పిల్ల. ఇంట్లో అందరికీ పిచ్చుక. తల్లి రోజూ పళ్లు తోముతూనే ఉంది. కానీ పై పెదవి ముట్టుకుంటే చాలు, పిచ్చుక ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. ఆ అరుపుకు బెదిరి, కనిపించే కింది పళ్లు తోమేసి అయిందనిపించేది.

"రాలిపోతాయా డాక్టరమ్మా? మళ్లీ వచ్చేవి కూడా పుచ్చే వస్తాయా? నోరంతా పాకుతుందా?"

"ఆగమ్మా, ఊపిరి తీసుకో. పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుందా?"

తల్లి కొంగుతో పిల్ల మూతి తుడిచింది. పక్క కుర్చీలో అత్తగారు చేతిసంచి సర్దుకుంది.

నాలుగు రోజుల కిందట మచ్చ కంటపడగానే తల్లి ఆవిడ మీదే విరుచుకుపడింది, ముద్దు చేసి చక్కెర నాకించారని. "నేనా!" అని ఒక్క మాట అని, ఆవిడ అప్పట్నుంచీ పిల్లను ఒళ్లోకి తీసుకోలేదు.

చక్కెర కలిపింది తల్లే. మధ్యాహ్నం కుట్టుమిషను మోతకు పిల్ల లేవకుండా తీపిపాల సీసా నోటికిచ్చి పడుకోబెట్టేది. ఖాళీ అయినా తీసేది కాదు. తీస్తే లేస్తుంది, లేస్తే కుట్టాల్సిన స్కూలు చొక్కాల కాలర్లు అలాగే పడుంటాయి. ఆ వేళకు అత్తగారు చెల్లెలింట్లో ఉండేది.

"నేనేనండీ," అంది చివరికి. "రోజూ మధ్యాహ్నం. చక్కెర కూడా నేనే వేశాను. మా అత్తయ్యకేం తెలీదు."

అత్తగారు కోడలి వైపు చూడలేదు. "నాలుగు రోజులు నన్ను దొంగను చేశావు గదే," అంది మెల్లగా.

డాక్టరమ్మ పళ్లకు మందు పూసింది. చారలు ఇంతటితో ఆగే వీలుందంది. మచ్చ ఉన్న పన్నుకు మాత్రం మాటివ్వలేనంది. సీసాతో పడుకోబెట్టొద్దు, పాలల్లో చక్కెరొద్దు, పేస్టు బియ్యపుగింజంత చాలు.

"తోమడం ఒక్కదానివల్ల కాదు. ఇద్దరు ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చోండి. తోమేవాళ్ల ఒళ్లో పిల్ల తల, రెండోవాళ్ల ఒళ్లో కాళ్లు."

ఇంటికొచ్చాక రెండోవాళ్లను పిలవడానికి తల్లికి ముఖం చెల్లలేదు. చాపేసి ఒంటరిగా మొదలుపెట్టింది. పిచ్చుక బ్రష్షు విసిరికొట్టింది, తల్లి దవడ మీద తన్నింది. మచ్చ ఇంకాస్త పెరిగినట్టే అనిపించి తల్లికి ఏడుపొచ్చింది.

"అత్తయ్యా, తప్పయింది. మీరు పట్టుకోకపోతే దీని పళ్లు నాకు దక్కవు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, తల్లికెదురుగా కూలబడి మోకాళ్లు ఆనించింది.

"తన్నులు నా వంతు, తోముడు నీ వంతా?" అంటూ పిల్ల కాళ్లను ఒళ్లోకి లాక్కుంది. "కానివ్వు. అరిస్తే అరవనీ, చెయ్యి మాత్రం తియ్యకు."

తల్లి పిల్ల తలను ఒళ్లో ఆనించుకుని, బొటనవేలితో పై పెదవి పైకెత్తింది.