కొత్త పలకల మీద మొదటి లోడు

మా మామయ్యకూ మా ఆయనకూ మాటల్లేక ఏడాది కావస్తోంది. అసలే లేవని కాదు. ఉన్నాయి, కాకపోతే అన్నీ నా మీదుగా వెళ్తాయి. ఒకే బల్ల దగ్గర, మోచేతులు రాసుకునేంత దగ్గరగా కూర్చుని తింటూనే, "రేపు వానొచ్చేలా ఉంది, నీ మొగుణ్ణి కోటు తీసుకెళ్ళమని చెప్పమ్మా" అంటారు మామయ్య. "అలాగే తీసుకెళ్తానని మీ మామగారికి చెప్పు" అంటాడు మా ఆయన. నేను ఎవరికీ ఏమీ చెప్పను. కూర వడ్డిస్తాను. చెప్పకపోయినా చేరాల్సింది చేరిపోతుంది కదా!

"తండ్రీకొడుకులిద్దరిదీ ఒకే రాయి" అంటుంది మా అత్తయ్య. "పగలదు, కరగదు. నా ఖర్మ కాలి రెండు ముక్కలూ నా ఇంట్లోనే పడ్డాయి."

గొడవ మొదలైంది ఫీడర్ దగ్గర. మా ముగ్గురి కూడూ దాని దగ్గరే. గనిలోంచి డంపర్లు రాయి మోసుకొచ్చి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ఇల్లంత గరాటు లాంటి హాపర్‌లో పోస్తాయి. ఆ హాపర్ అడుగున ఉంటుంది ఫీడర్. రెండు వేళ్ళ మందం ఉక్కు పలకలు, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కేలా వరసగా గొలుసులకు బిగించి ఉంటాయి. పొక్లెయిన్ కింద పట్టా తిరిగినట్టే తిరుగుతుంది గానీ, నత్తతో పందెం కాసినా ఓడిపోతుంది. ఆ నెమ్మదే దాని గొప్ప. పైనుంచి కొండ విరిగి పడినా సరే, ముందున్న క్రషర్‌కు అది అరిగించుకోగలిగినంతే అందిస్తుంది, ఆత్రగాడైన పిల్లాడికి తల్లి ముద్ద తర్వాత ముద్ద పెట్టినట్టు.

హాపర్ అంచున అద్దాల గదిలో నేను కూర్చుంటాను. ఫీడర్‌ను నడిపేది నేను, లైట్లు నా చేతిలో. పచ్చ వేస్తే డంపర్ పొయ్యాలి, ఎరుపు వేస్తే ఆగాలి. కింద పలకలూ గొలుసులూ మామయ్యవి, ఆయన పెద్ద ఫిట్టరు. డంపర్లలో ఒకటి మా ఆయనది. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా పనిలో మాత్రం మా ఆయన నా లైటు మాట వినాల్సిందే. నా కాపురంలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

మా పనికి ఒక నియమం ఉంది. హాపర్‌ను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. అడుగున ఓ పొర రాయి మిగిల్చి తీరాలి. పైనుంచి పడే బండ ఆ పొర మీద పడాలి గానీ ఉక్కు మీద పడకూడదు. ఆ పొరను మేం పరుపు అంటాం. పరుపు పలచబడిందంటే నేను ఎరుపు వేసేసి, సన్నరాయి తెచ్చే బండి కోసం చూస్తాను.

మా ఆయన్ని తోటి డ్రైవర్లు ఎక్స్‌ప్రెస్ అంటారు. ఊరికే అనరు. నన్ను చూడ్డానికి మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు చెప్పిన టైముకు ఎంత ముందొచ్చాడంటే, మా నాన్న సగం గడ్డం గీసుకుని, సగం నురగతో తలుపు తీశాడు. నిరుడు ఒక మధ్యాహ్నం పరుపు అడుగంటిందని నేను ఎరుపు వేసి ఉంచితే, ఒక్క లోడే కదా అనుకుని పోసేశాడు. ఆ లోడులో పెద్ద బండ ఉంది. అది వట్టి ఉక్కు మీద పడిన చప్పుడు ఇంట్లో తనకు వినబడిందని మా అత్తయ్య అంటుంది. అంత దూరం వినబడదు. అయినా ఆవిడ విన్నానంటే విన్నట్టే.

పలకలు పగిలాయి, గొలుసు పక్కకు తన్నుకుంది. మామయ్య రోజుల తరబడి ఫీడర్ కిందే వెల్లకిలా పడుకుని దాన్ని బాగుచేశారు. అంతా అయ్యాక పైకొచ్చి, గ్రీజు చేతులు తుడుచుకుంటూ కొడుకుతో అన్నారు: "నీకు రాయి పొయ్యడమే వచ్చు. దేని మీద పోస్తున్నావో చూడ్డం రాదు." తండ్రి నేరుగా కొడుకుతో అన్న ఆఖరి మాట అదే.

ఆ తర్వాత మా ఆయన ఎరుపు దాటలేదు. పచ్చ వేసినా సరే, ఓసారి అద్దంలోంచి కిందికి తొంగి చూసుకుని గానీ తొట్టి ఎత్తడు. నేను రోజూ చూస్తున్నాను. చూడాల్సిన మనిషి మాత్రం కొడుకు బండి రాగానే మొహం అటు తిప్పుకునేవారు. అది చూస్తే నాకు మామయ్య మీద ఎక్కడలేని కోపం వచ్చేది. కోపం వచ్చినా ఏం చేస్తాను, ఆయనంటే నాకు మా నాన్నంత ఇష్టం.

ఈ ఏడాది ఫీడర్ పలకలన్నీ మార్చాలన్నారు. హాపర్‌ను తుడిచినట్టు ఖాళీ చేసి, పాతవి ఊడబీకి, మామయ్య తన మనుషులతో వారం పాటు కొత్తవి బిగించారు. నిద్రలో కూడా అదే పని. "రాత్రంతా నా చెయ్యి పట్టుకుని తిప్పుతూనే ఉన్నారమ్మా" అని అత్తయ్య మణికట్టు చూపించింది. "ఇంకో చుట్టు తిప్పి ఉంటే ఊడి చేతిలోకొచ్చేది."

కొత్త పలకల మీద పరుపు ఉండదు. అందుకని మొదటి లోడు మొత్తం సన్నరాయే అయ్యుండాలి, దాన్ని చేటలోంచి బియ్యం జార్చినట్టు జార్చాలి. ఆ లోడు ఎవరు పోస్తారన్నది మా దగ్గర చిన్న విషయం కాదు. ఫిట్టర్లు ఎవర్ని నమ్మితే వాళ్ళకే ఆ పని. ఇన్నేళ్ళుగా ఆ పని, మేమంతా తాబేలన్న అని పిలిచే పాత డ్రైవరుది. ఆయన బండి నడిపితే వెనకున్న వాళ్ళకు గడ్డాలు పెరుగుతాయంటారు గానీ, ఆయన పోసిన రాయి వల్ల గీత పడ్డ పలక లేదు.

పని పూర్తయ్యే ముందురోజు సాయంత్రం భోజనాల దగ్గర మామయ్య, "రేపు ముందు తాబేలును పిలువమ్మా" అన్నారు. మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. తుడిచిన కంచాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.

"రేపు ముందు నన్ను పిలువు" అన్నాడు.

"మీ నాన్న ఏమన్నారో విన్నావుగా."

"విన్నా. అవి ఆయన బిగించిన పలకలు. వాటి మీద మొదటి లోడు నేను పొయ్యాలి."

"ఏదన్నా అయితే?"

"అయితే బండి తాళం ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటా. అమ్మకు కూరలు తరిగిపెడతా."

"వద్దు బాబూ. నీ తొందరకి వేళ్ళు కూడా కూరలోకే వస్తాయి."

మామూలుగా అయితే నవ్వేవాడు. నవ్వలేదు. "ఆయన నన్నొకసారి చూడాలే" అన్నాడు, కంచం వైపే చూస్తూ. "ఇంకేం అక్కర్లేదు నాకు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏడాదిగా ఇదే నా బతుకు. నా గుండె తరుక్కుపోయిన మాట నిజం, దాంతోపాటే నాకు ఒళ్ళు మండిన మాటా నిజం. ఇంత ప్రేమ పెట్టుకుని ఈ మగాళ్ళు నోరు తెరవడానికి ఏం రోగం?

మర్నాడు మధ్యాహ్నానికి పని ముగిసింది. ఫిట్టర్లందరూ కిందనుంచి బయటికి వచ్చేశారు. మామయ్య మెట్లెక్కి నా గదిలోకి వచ్చారు. బట్టల నిండా గ్రీజు, అందుకే కుర్చీ చూపించినా కూర్చోలేదు. కింద కొత్త పలకలు ఎండకు మెరుస్తున్నాయి. వాటిని చూస్తూ చంటిబిడ్డ తండ్రిలా నిలబడ్డారు.

నేను చెప్పేశాను. "మామయ్యా, ముందు మీ అబ్బాయినే పిలుస్తున్నాను."

ఆయన నావైపు తిరిగారు. "నేనేం చెప్పాను నీకు?"

"చెప్పారు. లైటు మాత్రం నా చేతిలో ఉంది."

"లైటు నీదే తల్లీ. పలకలు నావి."

"కొడుకూ మీవాడే కదా" అన్నాను.

ఆయన వద్దనలేదు. చేతులు కట్టుకుని అద్దం దగ్గరే నిలబడ్డారు. నేను రేడియోలో మా ఆయన బండిని పిలిచాను. వరసలో ముందున్న తాబేలన్న పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

మా ఆయన డంపర్ వెనక్కి నడుస్తూ వచ్చి హాపర్ అంచున ఆగింది. నేను పచ్చ వేశాను. తొట్టి లేవలేదు.

కాసేపు చూశాను. ఇంకా లేవలేదు. రేడియో అందుకుని, "పచ్చ వేశాను, కనబడటం లేదా?" అన్నాను.

"కనబడింది" అన్నాడు. "నేను పొయ్యను."

"ఏమైంది?"

"లోపల ఏదో ఉంది. ఎక్కించేటప్పుడు అంతా సన్నరాయే. మలుపు దగ్గర మాత్రం ఏదో దొర్లిన చప్పుడైంది."

షిఫ్టు ఇంచార్జి రేడియోలో కల్పించుకున్నాడు. ఆయన ఉదయం నుంచీ క్రషర్ దగ్గర కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "లోడెత్తిన షావెల్ వాడు సన్నరాయే వేశానంటున్నాడయ్యా. ఏం కాదు, పొయ్యి."

"కావచ్చు సార్. నాకు అనుమానంగా ఉంది."

ఆ మాట అని, డంపర్‌ను ముందుకు తీసేశాడు. ఏడాదిగా ఎదురుచూసిన లోడును, తండ్రి అద్దంలోంచి చూస్తుండగా, తానే వెనక్కి తీసుకెళ్ళాడు. పక్కనున్న ఖాళీ జాగాలోకి పోయి అక్కడ నేల మీద పోశాడు. మేమందరం చూస్తూనే ఉన్నాం. సన్నరాయి జారింది. దాని వెనకే ఓ పెద్ద ముద్ద దొర్లి, నేలకు తగలగానే పొడిపొడి అయిపోయింది. బండ కాదు. తడిసి గట్టిపడ్డ మట్టిగడ్డ. అది పలకల మీద పడినా గీతయినా పడేది కాదు.

రేడియోలో నవ్వులే నవ్వులు. "ఎక్స్‌ప్రెస్సు మట్టిబెడ్డకు బ్రేకేసిందిరోయ్!" అన్నాడెవడో. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషి నిరుడు ఆగాల్సిన చోట ఆగలేదు, ఇవాళ ఆగక్కర్లేని చోట ఆగాడు అనుకున్నాను.

"అయిందేదో అయింది. తాబేలును పిలువమ్మా" అన్నాడు ఇంచార్జి.

రేడియో మీదికి వెళ్ళిన నా చేతిని మామయ్య ఆపారు. మెట్లు దిగి, నా గది కిందే ఉన్న ఫీడర్ స్విచ్ దగ్గరికి వెళ్ళారు. నేను తలుపు తీసి మెట్ల మీద నిలబడ్డాను. ఫీడర్ కిందికి దిగే ఫిట్టరు ఎవరైనా ఆ స్విచ్‌కు తన తాళం వేసుకుని దిగుతాడు. ఆ తాళం ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ నడపకూడదు, పైనుంచి ఒక్క రాయి కూడా పొయ్యకూడదు. మామయ్య జేబులోంచి తన తాళం తీసి మళ్ళీ వేశారు.

ఇంచార్జి పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంటి పెద్దాయనా? అంతా అయిందన్నారుగా?"

"ఓ నట్టు చూడాలి."

"ఏ నట్టు?"

"చూస్తే గానీ తెలీదు."

"అవతల తాబేలు నిండు లోడుతో నిలబడ్డాడండీ!"

"నాకేం తొందర్లేదు" అని రేడియోలో తాబేలన్న గొంతు వినబడింది. "నాకెప్పుడుంది గనక?"

ఇంచార్జి జుట్టు పీక్కున్నాడు. మామయ్య మాత్రం మెల్లగా, "వారం ఆగిన ఫీడర్ ఇంకాస్త ఆగితే కొంపలేం మునిగిపోవు" అన్నారు. తర్వాత తలెత్తి నావైపు చూశారు. "బండ ఉందని తెలిస్తే ఎవడైనా ఆగుతాడమ్మా. వాడు అనుమానానికే ఆగాడు. అందరూ నవ్వుతారని తెలిసీ ఆగాడు. నీ మొగుణ్ణి మళ్ళీ నింపుకుని రమ్మను. వాడొచ్చేదాకా నా నట్టు పని తెమలదు."

నేను ఆ కబురు అందించాను. బండి దిగువకు కదిలింది.

తిరిగొచ్చేసరికి చాలాసేపే పట్టింది. ఏ లోడుకూ అంతసేపు తీసుకోలేదు ఆ మనిషి. డంపర్ మలుపు తిరగడం కనబడగానే మామయ్య తాళం తీసి జేబులో వేసుకుని, మెట్లెక్కి పైకొచ్చారు. నా చేతిలోంచి రేడియో తీసుకున్నారు. ఎప్పుడూ దాన్ని ముట్టుకోని మనిషి.

"ఎలాగమ్మా దీంట్లో మాట్లాడేది?"

"ఆ మీట నొక్కి మాట్లాడండి. అయిపోయాక వదిలెయ్యండి."

ఆయన బొటనవేలితో మీట నొక్కారు. గొంతు సర్దుకున్నారు.

"రా నాన్నా" అన్నారు. "వెనక్కి రా. ఇంకొంచెం. ఇంకొంచెం రా. ఆఁ, చాలు."

డంపర్ ఆగింది. ఏ బండిలోనూ ఎవరూ కిక్కురుమనలేదు. మామయ్య మీట వదిలారు.

"లోడు చూసుకున్నాను నాన్నా" అని వినబడింది, చాలా చిన్నగా. "దగ్గరుండి నింపించాను."

మామయ్య మళ్ళీ నొక్కారు. "అయితే పొయ్యి."

నేను పచ్చ వేశాను. తొట్టి ఇంచీ ఇంచీగా లేచింది. సన్నరాయి పెద్ద సవ్వడి లేకుండా జారి, కొత్త పలకల మీద పల్చగా పరుచుకోవడం మొదలైంది. మామయ్య నుదురు అద్దానికి ఆనించి చూస్తున్నారు. నాకొక్కదానికే వినబడుతుందనుకుని, గొంతు తగ్గించి, "ఎంత బాగా పోస్తున్నాడో చూడమ్మా నా కొడుకు" అన్నారు.

ఆయన బొటనవేలు ఇంకా రేడియో మీట నొక్కే ఉంది. నేను తియ్యమని చెప్పలేదు.

హాపర్ అంచున లేస్తున్న తొట్టి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా నెమ్మదిగా లేవసాగింది.