మెషిన్ గదికి కాపలా

కరెంటు పోతే అరసవల్లిలో అందరూ వీధి అరుగుల మీదికొచ్చి కూర్చుంటారు. హేమకి ఆ భాగ్యం లేదు. చేతిలో ఉన్న పని ఎక్కడిదక్కడ వదిలేసి మెషిన్ గదిలోకి పరిగెత్తాలి. స్టెబిలైజరు కట్టేసి, కరెంటు వచ్చేదాకా అక్కడే కాచుకుని ఉండాలి. వచ్చిందని వెంటనే వెయ్యకూడదు. ఓల్టేజి కుదురుకున్నాక ముందు గోడ ఫ్యాను, తర్వాత స్టెబిలైజరు, ఆఖర్న మెషిను. వెయ్యగానే వంగి, కార్డుల మీది చిన్న ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూడాలి. ఒక్కటి మొరాయించినా మొత్తం ఆపి మళ్ళీ మొదటినుంచి. ఆ రోజు ఆమె బియ్యం కడుగుతోంది. తడిచేతులు తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళేసరికే ఫోను మోగింది.

"కరెంటు పోయిందేటి?" అన్నాడు ఈశ్వర్. ఎచ్చెర్ల దగ్గర కంపెనీ ఆఫీసులో కూర్చుని, ఇంట్లో మెషిను ఆగిన సంగతి సెల్లులో చూసుకున్నాడు.

"పోయింది బావా. సూస్తన్నాను."

"అక్కడే ఉండు. వచ్చినాక అన్నీ తిరుగుతన్నాయో నేదో నాకు ఫోన్ సెయ్యి."

తిన్నావా అని అడగడు. ఆమె కూడా ఇప్పుడు ఆ ప్రశ్న కోసం ఎదురుచూడడం మానేసింది.

ఈశ్వర్ ఆమెకి మేనత్త కొడుకు, మొగుడూను. రెండువేల పదిహేడు వేసవిలో స్నేహితుడెవరో చెప్పగా గ్రాఫిక్స్ కార్డులు కొనుక్కొచ్చాడు. వీడియో గేములాడే కంప్యూటర్లలో ఉంటాయే, అవి. కొట్లో సరుకులు పెట్టుకునే ర్యాకు లాంటి ఇనప చట్రం చేయించి, వాటిని వరసగా బిగించి, రాత్రీ పగలూ లెక్కలు చేయిస్తే ఇంటర్నెట్లో డబ్బు పుడుతుందన్నాడు. దాని పేరు ఇథీరియం, అలా పుట్టించడం పేరు మైనింగ్. చేత్తో పట్టుకోలేని ఆ డబ్బు మాటేమో గానీ, వేడి మాత్రం మొదటి రోజునుంచే పుట్టింది. అందుకని ఇంట్లో చల్లగా ఉండే ఒకే ఒక్క గది, ఉత్తరం కిటికీ ఉన్న గది, మెషినుకి ఇచ్చాడు. అంతకుముందు అక్కడ హేమ కుట్టుమిషనూ, పెళ్ళికి ముందు చదివిన ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పుస్తకాలూ ఉండేవి. కుట్టుమిషను వంటింటి గోడవారకీ, పుస్తకాలు మంచం కిందికీ వెళ్ళాయి. ఇంటికొచ్చిన వాళ్ళకి ఆ గది చూపిస్తూ 'నేను మైనింగ్ చేస్తున్నాను' అంటాడు ఈశ్వర్. పెయింటు బ్రష్షుతో ఆ కార్డుల దుమ్ము దులిపేదీ, వాటి హోరు మధ్య పగలంతా గడిపేదీ ఎవరో వచ్చినవాళ్ళెవరూ అడగరు. శ్రీకూర్మంలో పిన్ని కూతురి పెళ్ళికి వెళ్తే తాళి కట్టకముందే హేమను ఆటో ఎక్కించాడు. ఉరుములొస్తున్నాయి, కరెంటు పోవచ్చునట. పిన్ని ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు.

అక్టోబరు వానలు పట్టుకున్న వారంలో చీపురుపల్లి నుంచి కబురొచ్చింది. అక్కడ కొత్తగా పెట్టిన ఆసుపత్రి వాళ్ళు ల్యాబులో ఉద్యోగానికి ఆమెను తీసుకున్నారు. సోమవారం వచ్చి చేరాలి, రాకపోతే తర్వాతి మనిషిని పిలుచుకుంటారు. అన్నం వడ్డిస్తూ ఈశ్వర్‌తో చెప్పింది. "మంచిదే" అన్నాడు. అతను పులుసు కలుపుకుంటున్నంతసేపూ హేమ సంతోషంగా ఉంది. పొద్దున్న ప్యాసింజరెక్కి సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు, తెల్లకోటు ఒకటి కుట్టించుకోవాలి, అని లోపల్లోపల అనుకుంటోంది.

"మరి కరెంటు పోతే?" అన్నాడతను.

హేమ పులుసు గిన్నె మీద మూత పెట్టింది.

"అమ్మకి రాదు. నాను ఆఫీసులో ఉంటాను. నువ్వింట్లోనే ఉంటావు గదాని గదా, ఇది ఎట్టినాను."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, జవాబు చెప్పడానికి నోరొచ్చేది. నీళ్ళు తాగినంత మామూలుగా అన్నాడు. కార్డులు కొన్నాడు, స్టెబిలైజరు కొన్నాడు, గోడకి కన్నం పెట్టించి పెద్ద ఫ్యాను బిగించాడు. వాటితోపాటు భార్యను కూడా లెక్కలో వేసుకున్నాడు. ఆ మెషినుకి కావలసిన సామాన్లలో తనూ ఒకటన్న సంగతి హేమకి ఆ పూటే తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. అయినా రెండోసారి అన్నం కావాలా అని అడిగి, వడ్డించింది.

మూల పీట మీద కూర్చుని తింటున్న దానమ్మ ఇద్దర్నీ చూసి, తలొంచుకుని తన అన్నం తను తిన్నది. దానమ్మ ఈశ్వర్ తల్లి. బతుకంతా ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి కొడుకు దగ్గర ఉంటోంది. మెషిన్ గదిలో కాపడం పెట్టినట్టు ఉంటుందని మధ్యాహ్నం అక్కడే చాప వేసుకుని నడుం వాలుస్తుంది. ఇంట్లో ఆ మెషిను వల్ల సుఖపడింది ఆమె మోకాళ్ళే.

ఆ గురువారం దానమ్మ తమ్ముడు ఎల్లాజీ పడవ మీంచి సావళ్ళు పంపాడు. బెత్తెడు వెడల్పున, పొడుగ్గా, వెండిలా మెరిసే చేపలు. దానమ్మ వాటిని శుభ్రం చేసి ఉప్పులో ఊరేసింది. ఇంక ఎండలో ఆరెయ్యాలి. ఎండ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. ఉప్పు పట్టిన చేప ఆరకపోతే పురుగు పడుతుందని ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇంట్లో ఒక గదిలో రోజంతా వడగాలి వీస్తోందనీ తెలుసు. హేమ పెరట్లో బట్టలు ఉతుకుతుండగా మెషిన్ గదిలో గోడకీ గోడకీ తాడు కట్టి, సావళ్ళని జంటలు జంటలుగా తోకలు ముడివేసి తాడు మీద వేలాడదీసింది. తాడు సరిగ్గా మెషిను మీదుగా వచ్చింది. అక్కడైతే గాలి బాగా తగులుతుంది మరి. పని అయిపోయిందన్న తృప్తితో గోడవైపు తిరిగి పడుకుంది. చేపల్లోంచి ఉప్పునీళ్ళు చుక్క చుక్కగా కింద ప్లగ్గుల పెట్టె మీద పడడం మొదలైంది.

ప్లాస్టిక్ కాలుతున్న వాసనకి హేమ పరిగెత్తుకొచ్చింది. గదిలో పొగ. ప్లగ్గుల పెట్టె చిటపటమంటోంది. చాప మీద అత్త కదలకుండా పడుకుని ఉంది. మెయిన్ స్విచ్చి గుమ్మం పక్కనే ఉంది. హేమ చెయ్యి దాని మీదికి వెళ్ళి, ఆగింది. ఎండాకాలంలో ఒకసారి పిడుగుల భయానికి మెషిను కట్టేస్తే ఈశ్వర్ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకటే మాట: నన్నడక్కుండా ఆపకు. రెండో చేత్తో ఫోను చేసింది. మొదటిసారి కట్ చేశాడు. రెండోసారి ఎత్తాడు.

"బావా, పొగొస్తన్నాది. ఆపీమంటావా?"

"ఆపకు, ఆపకు. సెల్లులో సూస్తన్నాను ఉండు. కార్డులన్నీ బానే సూపిస్తన్నాదే."

"అత్త లోపల పడుకున్నాది బావా."

"ఒక్క నిమిషం ఉండమన్నాను గదా."

ఉంది. చదువుకున్నది, తెలివైనది, పొగ కళ్ళారా చూస్తున్నది, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని ఆ నిమిషం అలాగే నిలబడి ఉంది. లోపల్నుంచి దానమ్మ దగ్గు వినిపించింది. నిద్రలోనే ఊపిరాడక దగ్గుతోంది. అప్పుడు స్విచ్చి కొట్టింది. పొగలోకి వెళ్ళి అత్తని రెండు చంకల కిందా పట్టి ఈడ్చుకొచ్చింది. వెనక్కి వెళ్ళి, అంటుకున్న ప్లగ్గుల పెట్టె మీద గోనెసంచి వేసి అదిమింది. కుడిచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి. కింద పడిపోయిన ఫోనులోంచి "ఆపీసినావేటి? హేమా, ఆపీసినావేటి?" అని వినిపిస్తూనే ఉంది.

ఈశ్వర్ వానలో తడుస్తూ వచ్చి, చెప్పులతోనే మెషిన్ గదిలోకి వెళ్ళాడు. ఒక్కో కార్డూ ఒంగి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి తాడు చూశాడు.

"సేపలేటి ఇక్కడ? పగలంతా ఇంట్లో ఉండి నువ్వేటి సేస్తన్నావు? సదువుకున్నావు గదా, ఆమాత్రం తెలీదా? ఈ ఒక్క గది సూసుకోడం సేతకానిదానివి, చీపురుపల్లి ఎల్లి ఏటి ఎలగబెడతావు?"

హేమ చెయ్యి నీళ్ళ గిన్నెలో ఉంది. తియ్యలేదు.

"నానేరా ఆరేసినాను," అంది దానమ్మ మంచం మీంచి. "దాన్నంటావేటి? అది బయిటికి నాగకపోతే ఈపాటికి నన్ను మోసుకెల్దురు."

ఈశ్వర్ గొంతు అప్పటికప్పుడు దిగిపోయింది. "నీకు తెలీదులే అమ్మా," అన్నాడు మెత్తగా. హేమ వైపు తిరిగాడు. "అమ్మకైతే తెలీదు. నువ్వు సూసుకోవాల గదా."

ఆ రాత్రీ, మర్నాడూ హేమ అతని మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. వచ్చింది కూడా, దానికేం లోటు లేదు. కానీ దానికన్నా పెద్దది ఇంకొకటి గుండెల మీద కూర్చుని కదలడం లేదు. అతను ఆఫీసులో ఉన్నాడు, పొగ అతనికి కనబడలేదు. కనబడింది తనకి. అత్త దగ్గకపోయి ఉంటే ఇంకెంతసేపు నిలబడి ఉండేది? అతను 'సరే' అనేదాకానా? రెండేళ్ళ కాపురంలో తన చేతికి ఏం నేర్పుకుందో తలుచుకుంటే ఆమెకి భయం వేసింది. అతని కోపానికి ఎప్పుడూ అంత భయపడలేదు.

ఆదివారం ఈశ్వర్ కొత్త ప్లగ్గుల పెట్టె గోడకి బిగించాడు. కార్డుల మీద పేరుకున్న ఉప్పు బ్రష్షుతో దులపమని హేమకి ఇచ్చాడు. ఎడంచేత్తో దులిపింది. మెషిను మళ్ళీ హోరెత్తగానే అతని ముఖం వికసించింది. "అదృష్టం, ఒక్కటీ పోనేదు. ఇంక జాగర్తగా సూసుకో," అన్నాడు. సోమవారం సంగతి ఎత్తలేదు. ఆ మాట ఎప్పుడో అయిపోయిందనుకున్నాడు.

సోమవారం అతని బండి వీధి మలుపు తిరిగాక హేమ చీర మార్చుకుంది. మంచం కింద నుంచి సర్టిఫికెట్ల సంచి తీసింది. దానమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"ఆడికి సెప్పినావేటే?"

"నేదత్తా."

"సెప్పినా ఒకటే, సెప్పకపోయినా ఒకటే," అంది దానమ్మ. "నాను తట్ట ఎత్తుకుని పోయేటప్పుడు మీ మావని ఏనాడూ అడగనేదు. అడిగితే ఒద్దనీవోడే," అంది. మోకాళ్ళు పట్టుకుని లేచి, వంటింట్లోంచి టిఫిను డబ్బా తెచ్చి సంచిలో పెట్టింది. "సావిడి సేప ఏపి ఎట్టినాను. సరిగ్గా ఆరనేదు గానీ, బానే ఉన్నాది. బేగి ఎల్లు, రైలెల్లిపోద్ది."

హేమ మెషిన్ గదిలోకి వెళ్ళింది. ఆ హోరులో కాసేపు నిలబడింది. మొదట మెషిను, తర్వాత స్టెబిలైజరు, ఆఖర్న గోడ ఫ్యాను. ఒకదాని తర్వాత ఒకటి కట్టేసింది. ఇంట్లో వాన చప్పుడు వినపడింది. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

ఆటోవాడు వానలో కూడా తొందరగానే స్టేషనుకి చేర్చాడు. పొందూరు దాటాక ఫోను మోగింది. రైలు పెట్టెలో చీపుర్ల కట్టలతో ఒకామె, కాలేజీ పిల్లలూ కూర్చుని ఉన్నారు. హేమ బొబ్బలెక్కిన వేళ్ళతో ఫోను పట్టుకోలేక ఎడంచేతిలోకి మార్చుకుంది.

"మెషినాగిపోయినాది," అన్నాడు ఈశ్వర్. "కరెంటు పోయిందేటి?"

సూస్తన్నాను బావా, అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"కరెంటు పోనేదు బావా. నానే ఆపీసినాను. ఇంక నాను పగలు ఇంట్లో ఉండను."