అల్లుడి స్వెట్టరు

ఉన్ని బట్టకు చిల్లు పడితే ఆ వీధిలో ఎవరైనా సూదమ్మ దగ్గరకే పరుగెత్తాలి. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో! చిల్లు కింద నున్నటి చెక్క బంతి పెట్టి, అదే స్వెట్టరు లోపలి కుట్టులోంచి పోగు లాగి, నిలువుగా పరిచి, అడ్డంగా ఒకదాని మీదుగా ఒకదాని కిందుగా అల్లిందంటే, తెచ్చినవాళ్ళే చిల్లు ఎక్కడుందో వెతుక్కోవాలి. చూడగానే ఆ చిల్లు పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పేసేది. పురుగు కొరికితే అంచు గుండ్రంగా ఉంటుంది, మేకు పట్టుకుంటే ఒకే వరస ముడుచుకుంటుంది. "నా దగ్గరా మీ అబద్ధాలు?" అని నవ్వేది.

అంత మాటకారీ, అల్లుడు స్వెట్టరు తెస్తే మాత్రం నోరు మెదిపేది కాదు.

అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. మొదటిసారి మెడ వెనకాల చిరుగుతో వచ్చి, "తలుపు గొళ్ళేనికి తగులుకుంది అత్తయ్యా" అన్నాడు. గొళ్ళెం మెడ వెనకాల ఎలా తగులుకుంటుంది, వీపుతో తలుపు తీస్తాడా ఏమన్నానా? చిరుగు చుట్టూ జానెడు మేర అల్లిక సాగిపోయి ఉంది. పిడికిలితో పట్టి గుంజితేనే అలా సాగుతుంది. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. కూతురిది ముక్కుమీద కోపం. చిన్నప్పుడు తోటిపిల్లల పలకలు విరగ్గొట్టి వస్తే "నా కూతురు పులి" అని పదిమందికీ చెప్పుకుని మురిసింది సూదమ్మే. కాకిపిల్ల కాకికి ముద్దు కాదూ మరి! ఆ చిరుగు బాగుచేసి పంపింది. తర్వాత భుజం, ఆ తర్వాత మళ్ళీ మెడ. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ మధ్యాహ్నం అల్లుడు మళ్ళీ స్వెట్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎడమచేతి మీద ఉన్ని కాలి, గోధుమరంగుకు తిరిగి, పొడిపొడిగా రాలుతోంది. వెంట్రుకలు కాలిన వాసన.

"ఇస్త్రీ చేస్తుంటే కాలింది అత్తయ్యా. కనపడకుండా చేసిస్తే..."

సూదమ్మ అందులోకి తన చేయి దూర్చి చూసింది. పరిచిన బట్ట మీద ఇస్త్రీపెట్టె పడితే ముద్ర సాపుగా పడుతుంది. ఇది చేతి గుండ్రం మీద పడ్డ ముద్ర. లోపలివైపు ఉన్ని తడిసి, ఎండి, గట్టిపడింది.

"బాబూ, ఆ చొక్కా చేయి పైకి మడవండి."

"ఏం లేదు అత్తయ్యా."

"మడవమంటున్నానా!"

మడిచాడు. గుడ్డకట్టు మీద రసి ఊరి ఉంది. అతను తలదించుకుని, "తనకి చెప్పకండి. మీకు తెలిసిందంటే ఇంకా..." అని ఆగిపోయాడు. సూదమ్మకు తల కొట్టేసినట్టయింది. అతన్ని లోపలి గదిలో పడుకోబెట్టి డాక్టరుకు కబురు పంపింది.

డాక్టరు కట్టు మార్చి వెళ్ళాక, సాయంత్రం కూతురు వచ్చింది. బల్ల మీద స్వెట్టరు అలాగే ఉంది.

"ఇంకా మొదలే పెట్టలేదా? నీ చేయి పడితే ఏమీ జరగనట్టే ఉంటుంది కదమ్మా! ఆయనేరి?"

"ఆయన ఇక్కడే ఉంటారు. నువ్వు వెళ్ళు."

కూతురి ముఖం ఎర్రబడింది. "నువ్వు నాకు తల్లివా, ఆయనకా?" అని అరిచింది. అంతలోనే గొంతు దించి, బల్ల మీది స్వెట్టరు మెడ చూపించింది. "మెడ చిరిగితే కుట్టావు. భుజం చిరిగితే కుట్టావు. ఊళ్ళోవాళ్ళ చిల్లులన్నీ చదివేదానివి, నీకు తెలియలేదా? ఒక్కసారైనా ఇదేంటే అని అడిగావా? తప్పు కాదనే కదా కుట్టి పంపావు?"

"తెలుసే," అంది సూదమ్మ. "నా కూతురివని కుట్టాను."

కూతురు లోపలి గది వైపు అడుగు వేసింది. సూదమ్మ లేచి, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. ఎత్తుకుని పెంచిన బిడ్డ ముఖం చూడలేక, దాని చేతుల వైపే చూస్తోంది. భయం వేసింది. అయినా కదల్లేదు.