రింగు చుట్టూ నల్ల టేపు

మెర్తాతో ఆ దుర్భిణి కొనిపించింది ఎవెర్టే. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. తర్వాత తర్వాత ఊళ్ళో చాలామంది అది ఆవిడ సొంత తెలివి అన్నట్టు మాట్లాడారు.

ఏప్రిల్లో, రోడ్డు పక్కన మంచు కుప్పలు ఇంకా కరగకముందే, ఇద్దరూ ఒకే కారులో ఓస్టర్సుండ్ పట్నం వెళ్ళి ఒకే రకం దుర్భిణులు రెండు తెచ్చుకున్నారు. తుపాకీ మీద బిగించుకునేవి. మరీ చవకవి కావు, అలాగని డబ్బున్న పళ్ళ డాక్టర్లు కొనుక్కునే జర్మనీ సరుకూ కాదు, నడిమి రకం. రింగు తిప్పితే ఒకటి నుంచి ఆరింతల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. ఒకటి మీద పెడితే మామూలు కంటితో చూసినట్టే ఉంటుంది, చెట్ల మధ్య అడ్డంగా పరిగెత్తే దుప్పి కంటి నుంచి జారిపోదు.

"జర్మనీ వాడికి మూడింతలు పోసినా చూసేది ఆ దుప్పినే కదా," అన్నాడు ఎవెర్ట్. "కళ్ళు మూసుకుని కొను. పూచీ నాది."

ఎవెర్ట్ పూచీ అంటే ఊరి వేట జట్టులో చిన్న మాట కాదు. పద్నాలుగు మందికీ గురి నేర్పేది అతనే. మెర్తాకి అంతకన్నా ఎక్కువ. ఇరవయ్యారేళ్ళ కిందట, ఆవిడ ఇంకా కుక్కని పట్టుకుని బురద నేలల్లో దుప్పుల్ని లేపే పని చేస్తున్నప్పుడు, ఆడమనిషికి తుపాకీతో కాపు కాసే చోటు ఏమిటని జట్టు పెద్దలు గొణిగారు. ఎవెర్ట్ లేచి నిలబడి, "ఆవిడ గురి మీలో ఎవరికుందో చెప్పండి, వాళ్ళ పేరే రాద్దాం," అన్నాడు. అలా ఆవిడకి పెద్దబండ దగ్గర ఏడో చోటు వచ్చింది. ఎనిమిదోది ఎవెర్ట్‌ది. మధ్యలో చెట్లు నరికేసిన ఖాళీ జాగా, అంతే.

చోట్లలో కూర్చోగానే పక్కవాళ్ళకి కనిపించేలా టోపీ పైకెత్తి చూపించడం అక్కడి నిబంధన. నేనిక్కడున్నాను, ఇటువైపు కాల్చకు అని దానర్థం. మొదటి రోజు ఎవెర్ట్ రెండుసార్లు ఎత్తాడు. ఎందుకని కాఫీ దగ్గర అడిగితే, "ఒకటి నిబంధనకి, ఇంకోటి నీకు," అన్నాడు. అప్పట్నుంచీ ఇద్దరూ రెండేసి సార్లే ఎత్తుకుంటున్నారు. మెర్తా పెళ్ళి విడాకుల దాకా వెళ్ళింది, ఎవెర్ట్ భార్య పోయింది, టోపీలు మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

దుర్భిణులు రెండూ ఎవెర్ట్ గరాజులోనే బిగించారు. ఎనభై మీటర్ల దూరంలో కాగితం పెట్టి గురి సరిచేసుకున్నారు. గురి సరిచేసేటప్పుడు అందరూ ఆరు మీదే పెడతారు, కాగితం మీద చుక్క బాగా కనబడాలి కదా. అడవిలోకి వెళ్ళాక ఒకటికి తిప్పేస్తారు. తాతల కాలంలో తిప్పే రింగులే లేవు కాబట్టి, రెండు చోట్లా కాల్చి చూడాలన్న ఆలోచన ఆ ఊళ్ళో ఎవరికీ పుట్టలేదు. మెర్తా ఆరు మీద కాల్చిన మూడు గుండ్లూ ఒక రూకంత జాగాలో పడ్డాయి. రింగు మాత్రం మహా బిగువు, రెండు వేళ్ళతో గట్టిగా పట్టి తిప్పితే గానీ కదలదు.

సెప్టెంబరు మొదటి సోమవారం, వేట మొదలయ్యే పొద్దున, నెగడు చుట్టూ నిలబడి అక్కడి అలవాటుగా కాఫీలో జున్ను ముక్కలు నానేసుకుంటున్నప్పుడు మెర్తా ఎవెర్ట్ తుపాకీ వైపు చూసింది. దుర్భిణి రింగు మూడు దగ్గర ఆగి ఉంది. దాని మీద నాలుగు చుట్లు నల్ల టేపు.

"అదేంటి, దానికేమైనా దెబ్బ తగిలిందా, కట్టు కట్టావు?"

"రింగు వదులు. కారులో దానంతటదే తిరిగిపోతోంది," అన్నాడు ఎవెర్ట్, నిప్పుల మీద సాసేజీ తిప్పుతూ.

"పదిహేనేళ్ళ కారు కదా, దాన్లో ఎక్కితే నేనూ తిరిగిపోతాను," అంది మెర్తా. అందరూ నవ్వారు. ఎవెర్ట్ కూడా నవ్వాడు.

పదిన్నరకి కుక్క మొరుగు దగ్గరైంది. రెండేళ్ళ మగదుప్పి పొదల్లోంచి బయటికొచ్చి, పెద్దబండకి అరవై మీటర్ల దూరంలో పక్కకి తిరిగి నిలబడింది. అంత తేలిక గురి ఆవిడకి పదేళ్ళలో దొరకలేదు. దుర్భిణి ఒకటి మీదే ఉంది. ఊపిరి బిగబట్టి, దాని భుజం వెనక గురి చూసి కాల్చింది. దుప్పి వీపు వంచి, తూలుతూ చెట్లలోకి పోయింది. అది నిలబడిన చోట నాచు మీద నెత్తురు లేదు. నమిలిన ఆకు పసరు ఉంది. అంటే గుండు పొట్టలో తగిలింది.

రెండు రోజులు వెతికారు. ఆ రెండు రోజులూ ఎవెర్ట్ ఆవిడ పక్కనే నడిచాడు. తన ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాడు, తడిసిన చేతి తొడుగులు తీసుకుని తనవి ఇచ్చాడు. బుధవారం పొద్దున బురదలో ముందుకాళ్ళ మీద కూలబడి, ఇంకా ప్రాణంతో ఉన్న దుప్పి దొరికింది. అది మెర్తా వైపు తల తిప్పింది. ఆఖరి గుండు ఎవెర్టే కాల్చాడు. మెర్తా ఒక చెట్టుకి నుదురు ఆనించి నిలబడిపోయింది, సిగ్గూ దుఃఖమూ ఏది ఎంతో కూడా తెలియలేదు.

"ఏం చేస్తాం మెర్తా," అన్నాడు ఎవెర్ట్ మెల్లగా. "కళ్ళు. యాభై ఏడొచ్చాయి. ఎవరికైనా వచ్చేదే."

జంతువుని గాయపరిచినవాళ్ళు ఆ ఏటికి చోటు వదిలి కుక్కతో నడవాలి, మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది వచ్చే ఏడు జట్టు తేలుస్తుంది. జట్టు నాయకుడు తొర్గ్ని ఆ మాట చెప్పలేక చెప్పాడు. పెద్దబండకి ఎవర్ని పంపుదామంటే ఎవెర్ట్ పేరే వచ్చింది. అతను కాదనలేదు.

ఇంటి దగ్గర దింపుతున్నప్పుడు మెర్తా కారు దిగకుండా కూర్చుంది. ఆవిడ బడి బస్సు నడుపుతుంది, పద్దెనిమిదేళ్ళుగా, పంతొమ్మిది మంది పిల్లలు, ఏరు పక్క ఇరుకు రోడ్డు.

"అరవై మీటర్లలో నిలబడ్డ దుప్పి నాకు సరిగ్గా కనబడలేదంటే, రోడ్డు దాటే పిల్ల కనబడుతుందా? ఆఫీసుకి ఫోను చేసి చెప్పేస్తాను ఎవెర్ట్. కంటి పరీక్ష అయ్యేదాకా నడపను. బాగోలేవంటే ఇక అంతే, మానేస్తాను."

ఎవెర్ట్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా రోడ్డు వైపు చూశాడు.

"మంచిపని," అన్నాడు.

గురువారం బస్సు వేరేవాళ్ళు నడిపారు. మెర్తా కిటికీ దగ్గర నిలబడి అది వెళ్ళడం చూసింది. శుక్రవారం వేటకి సెలవు, మధ్యాహ్నం మాంసం పంపకం. కంటి డాక్టరు దగ్గరికి ఇంకా మూడు వారాలుంది. అన్నాళ్ళు ఆగడం ఆవిడ వల్ల కాలేదు. పొద్దున్నే తుపాకీ తీసుకుని ఒంటరిగా గురి మైదానానికి వెళ్ళింది.

ఆరు మీద మూడు కాల్చింది. మూడూ చుక్కలోనే. కళ్ళజోడు తీసి మళ్ళీ మూడు కాల్చింది. అవీ అంతే. ఆవిడకేమీ అర్థం కాలేదు. సరే, ఆ రోజు ఎలా కూర్చున్నానో అలాగే కూర్చుందామని బల్ల వదిలేసి మోకాలి మీద మోచెయ్యి ఆనించింది, రెండు వేళ్ళతో రింగు పట్టి ఒకటికి తిప్పింది. మూడు కాల్చి వెళ్ళి చూస్తే చుక్క చుట్టూ కాగితం శుభ్రంగా ఉంది. గుండ్లు మూడూ ఒక్క చోటే పడ్డాయి, చుక్కకి జానెడు కింద, ఎడమగా. మళ్ళీ బల్ల మీద పెట్టి, ఆరుకి తిప్పితే చుక్కలో, ఒకటికి తిప్పితే జానెడు కింద. నాలుగుసార్లు మార్చి మార్చి చూసింది.

కళ్ళు కాదు, చెయ్యి కాదు, గాజు. మెర్తా ఆ తడి గడ్డిలో కూలబడి, ఎవరూ లేరు కదా అని గట్టిగా ఏడ్చింది. సోమవారం నుంచీ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. ముందు ఎవెర్ట్‌కి చెప్పాలనుకుంది. అతని దుర్భిణీ అదే రకం, పాపం అతనికీ ఇలాగే అవుతుందేమో. ఫోను తీసింది కూడా.

అప్పుడు నల్ల టేపు గుర్తొచ్చింది.

రింగు వదులన్నాడు. ఆవిడ రింగు రెండు వేళ్ళతో పట్టి తిప్పి చూసుకుంది. ఎవెర్ట్‌ది దాని తోబుట్టువే, అదే పెట్టెలోంచి అదే రోజు వచ్చింది, కారు కుదుపుకి ఎలా తిరుగుతుంది? మూడు మీద గురి సరిచేసుకుని, ఇంకెప్పుడూ తిరక్కుండా టేపు చుట్టినవాడికి, తిరిగితే ఏమవుతుందో తెలిసే ఉండాలి.

మాంసం కోసే షెడ్డులో ఎవెర్ట్ ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్ళు రావడానికి ఇంకో గంటుంది. కత్తి నూరుతున్నాడు. మెర్తా తాను కాల్చిన కాగితాలు రెండూ, ఆరు మీదదీ ఒకటి మీదదీ, బల్ల మీద పరిచింది.

"టేపు ఎప్పుడు చుట్టావు?"

అతను కాగితాలు చూశాడు. కత్తి కింద పెట్టాడు.

"జూలైలో."

"జూలై. అంటే నాకు చెప్పడానికి నీకు రెండు నెలలున్నాయి."

"నీది బాగానే ఉంటుందనుకున్నా. అన్నీ అలా ఉండవు కదా."

"అడగొచ్చుగా. ఒకసారి ఒకటి మీద కాల్చి చూడవే అంటే పోయేదిగా."

"అడిగితే నాది పాడని చెప్పాలి. జట్టు మీటింగులో అందరి ముందూ లేచి పూచీ ఇచ్చినవాణ్ణి. ఇంకో ముగ్గురు కొనడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవడం..." అతను ఆగాడు. "నవ్వేవాళ్ళు మెర్తా."

"నన్ను చూసి ఎవరూ నవ్వలేదు ఎవెర్ట్. జాలిపడ్డారు." ఆవిడ గొంతు పెరగలేదు. "సరే, అది వదిలెయ్. దుప్పి పోయిన రోజు? నా పక్కనే నడిచావుగా. కళ్ళు అన్నావుగా."

"మొదటి రోజు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఇక ఎలా చెప్పాలో తెలీలేదు."

"బస్సు మానేస్తానంటే మంచిపని అన్నావు."

ఎవెర్ట్ కింద పెట్టిన కత్తి మళ్ళీ తీసి నూరడం మొదలెట్టాడు. మెర్తా అతన్నే చూసింది. గాజు మోసం చేసిందంటే సరే, అది ఫ్యాక్టరీ సరుకు, దానికి ఆవిడెవరో తెలీదు. ఈయనకి తెలుసు. నమ్మించి నట్టేట ముంచి, గట్టు మీద కూర్చుని కాఫీ పోసి ఇచ్చాడు.

"రేపు పొద్దున నెగడు దగ్గర నువ్వే చెప్పు," అంది చివరికి. "నేను చెప్పను. అది నీ పని."

"చెప్తాను," అన్నాడు ఎవెర్ట్.

చెప్పాడు కూడా. శనివారం పొద్దున, అందరూ కాఫీ పోసుకున్నాక, గొంతు సవరించుకుని కాగితాలు రెండూ అందరికీ చూపించాడు. "ఆ దుర్భిణిలో లోపముంది. రింగు తిప్పితే గురి జానెడు జారిపోతోంది. నిన్న మెర్తా కనిపెట్టింది. నాది కూడా చూశాను, అదీ అంతే. ఆ రకం ఎవరూ కొనొద్దు. మెర్తా తప్పేమీ లేదు."

అంతా నిజమే. జూలై ఒక్కటే లేదు.

తొర్గ్ని వచ్చి మెర్తా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ చోటు నీదే. బస్సు ఆఫీసుకి నేనే ఫోను చేస్తా," అన్నాడు. ఒకరు ఆవిడ భుజం తట్టారు, ఇంకొకరు ఇంత తెలివి ఎవరికొస్తుందన్నారు. ఒక ముసలాయన ఎవెర్ట్ వీపు చరిచి, "తన పూచీ తప్పని ఒప్పుకోవడానికి కూడా గుండె కావాలి," అన్నాడు. ఎవెర్ట్ తల దించుకుని ఆ మెప్పు తీసుకున్నాడు.

మెర్తా అతని తుపాకీ వైపు చూసింది. టేపు లేదు. రింగు మీద నాలుగు చుట్ల వెడల్పున జిగురు మాత్రం మిగిలింది, దానికి చొక్కా నూలు అంటుకుని ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే చాలు. పదముగ్గురి ముందు, ఇరవయ్యారేళ్ళ కిందట తన కోసం లేచి నిలబడిన మనిషిని కూర్చోబెట్టెయ్యొచ్చు. నోరు తెరిచింది.

"రింగు మీద జిగురు పోలేదు ఎవెర్ట్," అంది. "ఎండిపోయింది. స్పిరిట్‌తో తుడువు."

మిగతావాళ్ళకి అది మామూలు మాటే. ఎవెర్ట్ చెయ్యి మాత్రం ఆ రింగు మీదికి వెళ్ళి దాన్ని కప్పేసింది.

వాళ్ళ నాన్న కాలం నాటి పాత నాలుగింతల దుర్భిణి బిగించుకుని మెర్తా పెద్దబండ ఎక్కి కూర్చుంది. ఖాళీ జాగా అవతల ఎవెర్ట్ తన ఎనిమిదో చోటికి చేరుకున్నాడు. టోపీ తీసి పైకెత్తాడు. కాస్త ఆగి రెండోసారి ఎత్తాడు. దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మెర్తా తన టోపీ ఒకసారి ఎత్తి చూపించింది. తర్వాత పెట్టేసుకుని, తుపాకీ ఒళ్ళో సర్దుకుని, కుక్క మొరుగు వినబడే వైపు తిరిగి కూర్చుంది.