ఊపిరి తగిలిన గీత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ల్యాబులో అందరికీ తెలుసు. కొలత నడుస్తుండగా మా మైక్రోస్కోపు దగ్గర ఎవరైనా నోరు విప్పారో, వాళ్ళ పని అయిపోయినట్టే. అది పరారుణ కాంతితో చూసే యంత్రం. స్ట్రోక్ వచ్చిన ఎలుక మెదడును వెంట్రుక కంటే పల్చటి పొరలుగా కోసి పెడితే, ఏ రంగూ పూయకుండానే ఎక్కడ కొవ్వు తగ్గిందో, ఎక్కడ ప్రొటీన్లు చెడ్డాయో చెప్పేస్తుంది. కానీ మనిషి ఊపిరి తగిలిందా, అందులోని తేమకి తెర మీద గీత రంపపు పళ్ళు వేస్తుంది. కొలిచిందంతా బూడిదపాలు.

ఆ రోజు నాన్నని వెంట తీసుకెళ్ళక తప్పలేదు. ఇంట్లో ఆయన్ని కనిపెట్టుకుని ఉండే అత్త ఊరెళ్ళింది. నాన్న రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చదివి రిటైరయ్యాడు. స్ట్రోక్ వచ్చాక మాట ముద్దగా వస్తోంది. ఒకసారి ఫోనులో హలో అంటే అవతలివాడెవడో “ఏం గురూ, పొద్దున్నే మందేశావా?” అన్నాడు. అంతే, నాన్న నోటికి తాళం పడింది. “ఇప్పుడు మాట్లాడిస్తేనే మాట తిరిగొస్తుంది. ఆలస్యమైన కొద్దీ కష్టం” అని డాక్టరమ్మ చెప్పింది. బతిమాలాను, అరిచాను, అలిగాను. తల ఊపడమే తప్ప ఒక్క ముక్క మాట్లాడడు. ఆ గొంతు కోసం నా ప్రాణం కొట్టుకుపోయేది.

యంత్రం పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, తెర మీద ఎలుక మెదడు బొమ్మ చూపించాను.

“ఈ ఎర్ర మచ్చ చూశావా నాన్నా, అది పోయింది. నా తల్లో జేజమ్మ దిగొచ్చినా దాన్ని బతికించలేదు. చుట్టూ పసుపు ఉందే, అది దెబ్బ తింది కానీ బతికే ఉంది. నీ తల్లోనూ ఇలాంటిది ఉంటుంది. పని చెప్పకుండా మొండికేస్తే అదీ పోతుందేమో, నీ ఇష్టం మరి.”

నాన్న ఆ పసుపునే చూస్తూ ఉండిపోయాడు.

కొత్త పొర పెట్టి, కొలత మొదలుపెట్టి, యంత్రాన్ని చల్లబరిచే ద్రవ నైట్రోజన్ తేవడానికి వెళ్ళాను. “ఏదీ ముట్టుకోకు” అన్నాను. మాట్లాడకు అని చెప్పాల్సిన అవసరం ఎక్కడుంది, నా ఖర్మ!

తిరిగొచ్చేసరికి గీత నిండా రంపపు పళ్ళు. ఒళ్ళు మండిపోయింది.

“ఎవరొచ్చారిక్కడికి? ఎవరు వాగింది?”

నాన్న తప్ప గదిలో ఎవరూ లేరు. నా కార్డు లేకుండా తలుపు తెరుచుకోదు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, యంత్రం మీదకి వంగి ఉన్నాడు. నన్ను చూసి, దొంగతనంగా తింటూ దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకున్నాడు. అప్పటికి విషయం నా బుర్రకెక్కింది. చేతిలో పాత్ర కింద పెట్టేశాను.

“నువ్వేనా నాన్నా? ఏమన్నావు? నాకూ చెప్పవూ!”

యంత్రం పాడవుతుందన్నట్టు దాన్ని చూపించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“పాడైతే పాడవనీ, దాని మొహం! ఇంకోసారి కొలుచుకుంటాను.”

నాన్న గొంతు సవరించుకున్నాడు. మైకు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

“ప్ర...యాణికులకు వి...జ్ఞప్తి.” ముద్దగానే వచ్చింది. ఆగి, గుటక వేశాడు. “మీ బండి... ఆల...స్యంగా నడుస్తోంది. మీకు క...లిగిన అసౌ...కర్యానికి... చింతిస్తున్నాం.”

ఆయన్ని పట్టుకుని, ఆ యంత్రం పక్కనే భోరున ఏడ్చాను. గీత మళ్ళీ పళ్ళు వేసింది. వేసుకోనీ.